జొన్నమల్లెకు వేర్లలోనే విరుగుడు

(ప్రత్యేక వ్యాసం)

జొన్న, చెరకు పైర్లలో కనిపించే స్ట్రైగాను మన రైతులు జొన్నమల్లె అని, పొగాకు చేలలో లేచే ఒరబాంకిని పొగాకు మల్లె అని వ్యవహరిస్తారు. పేరులో తప్ప వీటికి మల్లెతో ఎట్టి సంబంధమూ లేదు. రెండూ పైరు వేరుకు అంటుకొని నీటిని, పోషకాలను పీల్చి బ్రతికే పరాన్నజీవులే. నేలపై కంటికి కనిపించే నాటికే నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. తేమ ఉన్నా పైరు వాడటం చూసి బెట్టగా పొరబడడం కద్దు.

స్ట్రైగా మొక్క ఒక్కటే ధూళి వంటి విత్తనాలను వేల సంఖ్యలో రాలుస్తుంది. ఇవి పదేళ్లకు పైగా నేలలో జీవంతో ఉండగలవు. అయితే గింజలో ఆహారం అత్యల్పం. మొలిచిన కొద్ది రోజులలో వేరు అందకపోతే మొలక నశిస్తుంది. కావున వేరు సమీపంలో ఉన్నదన్న సంకేతం అందేవరకు గింజ మొలకెత్తదు. పైరు వేర్లు స్రవించే స్ట్రిగోలాక్టోన్లే ఆ సంకేతం. వీటిలో మొదటిదైన స్ట్రిగాల్‌ను 1966లో అమెరికా శాస్త్రజ్ఞులు పత్తి వేర్ల స్రావం నుండి గుర్తించారు. విశేషమేమంటే, పత్తిపై స్ట్రైగా బ్రతకలేదు. పత్తి వేసిన చేలో గింజలు మొలిచి, ఆధారం లేక చనిపోతాయి. పంట మార్పిడిలోని మేలు ఇదే.

మరి పైరు తన శత్రువును తానే ఎందుకు పిలుస్తున్నది? ఈ ప్రశ్నకు 2005లో జపాను శాస్త్రజ్ఞుల పరిశోధనలో సమాధానం లభించింది. వేర్లకు భాస్వరం అందించే మేలు శిలీంధ్రాలను ఆహ్వానించడానికే పైరు ఈ పదార్థాలను వదులుతుంది. భాస్వరం కొరవడిన నేలలో స్రావం అధికమవుతుంది. నిస్సార భూములలో మల్లె బెడద హెచ్చుగా ఉండటానికి ఇదొక కారణం. మొక్క కొమ్మలు వేయడాన్ని నియంత్రించే హార్మోను కూడా ఇదేనని 2008లో తేలింది. కనుక ఈ స్రావాన్ని సమూలంగా నిలిపివేయడం క్షేమం కాదు.

ప్రకృతి మరో మార్గం చూపింది. కొన్ని జొన్న రకాలలో ఎల్‌జీఎస్1 అనే జన్యువు పనిచేయదు. అట్టి మొక్కలు 5-డియాక్సీస్ట్రిగాల్‌కు బదులు ప్రధానంగా ఒరబాంకాల్‌ను స్రవిస్తాయి. దీనికి స్ట్రైగా గింజలు అంతగా స్పందించవు. ఈ విషయం 2017లో ప్రచురితమైంది. స్ట్రైగాను తట్టుకునే జొన్న రకాలను రూపొందించినందుకు ఇథియోపియాలో జన్మించిన గెబిసా ఎజెటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా ఇటువంటి జొన్న రకాల ఎంపికపై పరిశోధనలు జరిపింది.

కెన్యాలో మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాస మొక్కను పెంచుతారు. దాని వేర్ల స్రావంలో కొన్ని పదార్థాలు స్ట్రైగా గింజలను మొలకెత్తిస్తాయి. ఐసోషాఫ్టోసైడ్ వంటివి ఆ మొలక వేరును ఎదగనీయవు. పప్పుజాతి మొక్క కావడంతో నేలకు నత్రజని కూడా చేకూరుతుంది.

ఐసోషాఫ్టోసైడ్‌ను సీసాలో లభించే మందుగా పత్రికలలో పేర్కొనరాదని విలేఖరులకు మనవి. సజీవంగా ఉన్న వేరు దానిని నిరంతరం నేలకు అందిస్తూ ఉండటమే ఇక్కడ కీలకం. ఇక క్షేత్రస్థాయి సిబ్బంది మల్లె మొక్కలను పూతకు రాకముందే పీకించి, కాల్చివేయించాలి. పూసి గింజ రాలిందంటే ఆ చేలో సమస్య మరో పదేళ్లు ఉంటుంది.