పి.ఎస్.ఏ. పెరిగితే కాన్సరేనా?



రక్తపరీక్ష కాగితంలో పి.ఎస్.ఏ. 7 అనో 10 అనో కనబడగానే కొన్ని ఇండ్లలో ఏడుపులు మొదలవుతాయి. కొందరు ఆ రాత్రే అప్పు చేసి వేలూరుకు బయలుదేరుతారు. మరికొందరు సిగ్గుపడి కాగితం పెట్టెలో దాచేస్తారు. తొందరపాటూ నష్టమే, దాపరికమూ నష్టమే. ఆ అంకె అర్థం కావాలంటే, ఆ పదార్థం శరీరంలో ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోవాలి.

ఎక్కడ తయారవుతుంది?

ప్రోస్టేటు మగవారి గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పి.ఎస్.ఏ. అందులో తయారయ్యే ప్రోటీను. గడ్డకట్టిన వీర్యాన్ని పలుచన చేయడం దాని పని. అందుకే అది వీర్యంలో చాలా ఎక్కువగా, రక్తంలో చాలా కొద్దిగా ఉంటుంది.

గట్టు తెగితే మడిలోని నీళ్లు పక్క చేనిలోకి పోతాయి. అలాగే వయసుతో గ్రంథి పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షను ఉన్నా, మూత్రం బంధించి గొట్టం వేసినా, కాన్సరు వచ్చినా పి.ఎస్.ఏ. రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. గట్టు ఎందుకు తెగిందో అంకె ఒక్కటే చెప్పలేదు. సాధారణంగా 4 లోపు ఉంటే మామూలు అంటారు గాని, 4 దాటిన వారందరికీ కాన్సరు ఉండదు, 4 లోపు ఉన్నవారికి అసలు రాదనీ కాదు.

స్త్రీలలో కూడా ఉంటుందా?

ఉంటుంది. 1979లో అమెరికాలోని రోజ్వెల్ పార్క్ సంస్థవారు దీనిని వేరుచేసినప్పుడు ప్రోస్టేటులో మాత్రమే ఉంటుందనుకొని ఆ పేరు పెట్టారు. తరువాత రొమ్ము కణజాలంలో, తల్లిపాలలో, లాలాజల గ్రంథులలో కూడా లేశమాత్రంగా కనబడింది. అయితే ఇది రక్తపరీక్షను మార్చేంత కాదు. అందుకే ఆపరేషనులో గ్రంథి మొత్తం తీసినవారికి పి.ఎస్.ఏ. దాదాపు సున్నాకు రావాలి. మళ్లీ పెరుగుతూ ఉంటే, కాన్సరు కణాలు ఎక్కడో మిగిలాయేమో అని డాక్టర్లు వెదకుతారు.

స్కానులో మెరిసేదంతా కాన్సరు కాదు

అలా వెదకడానికి పెద్ద ఆసుపత్రుల్లో పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాను చేస్తారు. పి.ఎస్.ఎం.ఏ. వేరే ప్రోటీను. ఇది ప్రోస్టేటు కణాల పైపొరలో ఉంటుంది. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, కిడ్నీలు, చిన్నప్రేగులలో కూడా సహజంగా ఉంటుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న ఆ భాగాలూ స్కానులో మెరుస్తాయి. బొమ్మ చూసి "ఒళ్లంతా పాకింది" అని ఏడవవద్దు. డాక్టరు వివరించేదాకా ఆగండి. ఈ ప్రోటీనును పట్టుకొని పనిచేసే లుటీషియం మందు తీసుకున్నవారికి నోరు ఎండిపోవడానికి కారణం కూడా ఇదే.

మీరు చేయవలసినవి

• మూత్రంలో మంట, జ్వరం ఉన్నప్పుడు పి.ఎస్.ఏ. పరీక్షకు తొందరపడవద్దు. ఇన్ఫెక్షను తగ్గి సుమారు ఆరు వారాలయ్యాక చేయించడం మంచిది.
• ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. కొన్ని నెలలు వాడితే అవి అంకెను సుమారు సగానికి తగ్గిస్తాయి.
• పాత కాగితాలన్నీ దాచి తీసుకురండి. ఒక్క అంకె కంటే, అంకె ఎలా మారుతోందన్నదే ముఖ్యం.
• మూత్రంలో రక్తం, తగ్గని నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయక రండి. కాళ్లు బలం తప్పితే అదే రోజు రావాలి.

అమ్మలారా, మీ ఇంటి పెద్దాయన రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తుంటే ఆ సంగతి మొదట తెలిసేది మీకే. ఆయన చెప్పుకోలేకపోతే మీరే వెంటబెట్టుకొని రండి. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యమును, సమాధానమును దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్