తరవాణి కుండలో ఎవరిది పైచేయి?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తరవాణి కుండ ఉన్న ఇళ్ళు ఇప్పుడు తగ్గిపోయాయి. గంజిలో పిడికెడు అన్నం వేసి వదిలేస్తే పులుస్తుంది. పైతేట వంచుకుని, అడుగున కాస్త మిగిల్చి, మళ్ళీ ఆ పూట గంజి పోస్తారు. వండిన అన్నం, నీళ్ళు, వేసవి ఉక్క, రాత్రంతా మూత. ఆహార భద్రత లెక్కలు వేసేవాళ్ళు ఇది చూస్తే ఉలిక్కిపడాలి. కానీ ఆ కుండలో పెరిగేది ఎవరో ముందు చూడాలి.

బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా మామూలే. అన్నం ఉడికితే అది చస్తుంది గానీ దాని స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే రూపాలు, చాలావరకు మరిగే వేడికీ తట్టుకుంటాయి. మిగతా క్రిములేమో అదే వేడికి పోతాయి. అంటే వంటే దానికి పోటీ లేకుండా చేసి పెడుతుందన్నమాట! అన్నం గోరువెచ్చబడగానే స్పోర్లు మేల్కొంటాయి. కొన్ని రకాలు వాంతులు పుట్టించే విషాన్ని అన్నంలోనే వదులుతాయి. ఆ తర్వాత ఎంత వేయించినా అది పోదు. 1970ల్లో బ్రిటన్‌లోని చైనీస్ హోటళ్ళలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళకు గంటల్లోనే వాంతులు పట్టుకున్నాయి. ముందే వండి చాలాసేపు బయట ఉంచిన అన్నమే కారణమని తేలింది. ఎప్పుడో వండి బేసిన్లో గుట్టపోసిన అన్నాన్ని బండి మీద చూస్తే, నాకు తరవాణి కంటే దానిమీదే అనుమానం.

తరవాణిలో నిన్నటి అడుగునీళ్ళలోనే లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా లెక్కలేనంత ఉంటుంది. పిండిపదార్థాల్లోంచి దొరికే చక్కెరను అది ముందే తినేసి ఆమ్లం వదులుతుంది. పీహెచ్ 4.5 కిందికి దిగిందంటే సెరియస్‌కు ఎదుగుదల కష్టం. ఆమ్లం సంగతి అలా ఉంచినా, చోటు నిండిపోవడమే ఒక అడ్డు. మిశ్రమంలో మొత్తం సంఖ్య గరిష్ఠానికి చేరగానే, తక్కువగా ఉన్న జాతి కూడా పెరగడం ఆపేస్తుందని 1962లో సాల్మొనెల్లా మీద పనిచేసిన జేమ్సన్ చెప్పాడు. పలాస పాసింజరు విశాఖలోనే కిక్కిరిసిపోతే విజయనగరంలో ఎంత గట్టివాడైనా కాలు పెట్టలేడు కదా.

ప్రయోగశాలలో ఒక్క క్రిమినే శుభ్రమైన ద్రవంలో పెంచి గీసిన గీత ఇలాంటి ఆహారంలో ముప్పును ఎక్కువ చేసి చూపుతుంది. అందుకే పొగబెట్టిన చేపలో లిస్టీరియా అనే హానికర బాక్టీరియాను అంచనా కట్టేటప్పుడు దానితో పాటు పెరిగే లాక్టిక్ బాక్టీరియానూ లెక్కలోకి తీసుకుంటున్నారు. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ ఇందుకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ ఇస్తోంది.

అయితే పోటీలో గెలిచినవన్నీ మనకు చుట్టాలు కావు. తీరంలో ఐసు వేయకుండా ఎండలో వదిలేసిన కానాగంతల్లో గెలిచే బాక్టీరియా హిస్టమిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. పులుసు ఎంత మరిగినా అది విరగదు. తరవాణిలోనూ అంతే, ముందే విషం చేరిన అన్నం వేస్తే పులుపు దాన్ని తీసెయ్యలేదు. కొత్త కుండలో మొదటి రాత్రి పాత అడుగునీళ్ళు ఉండవు కాబట్టి పులుపెక్కడానికి ఎక్కువ గంటలు పడుతుంది. సెరియస్‌కు దొరికే సందు ఆ గంటలే. ముప్పు అంచనాలో మొదటి రాత్రి కుండకూ నెల్లాళ్ళుగా నడుస్తున్న కుండకూ ఒకే లెక్క వెయ్యకూడదు.