నొప్పిమాత్రలును మెదడుకంతియును

ఇప్పటి గృహములలో పోపులపెట్టె యెంత యవసరమో మందులపెట్టెయు నంత యవసరమైనది. నొప్పిని, వాపును తగ్గించు మాత్రలు లేని యిల్లు అరుదు. తలనొప్పికి ఒకటి, మోకాళ్ల పోటునకు ఒకటి, నెలసరి బాధకు మఱియొకటి చొప్పున ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ అను మందులు మన చేతులమీదుగనే ఇంటిల్లిపాదికిని చేరుచున్నవి. ఈ సామాన్యపు మాత్రలే మెదడులో పుట్టెడు కంతి కణములను సైతము అణచుచున్నట్లు ప్రయోగములయందు కనబడినది. అట్టి రోగి యింటనున్న ఇల్లాలికి ఈ మాట చెవిని బడినచో, ఎండిన యేటిలో చెలమ కనబడినట్లుండుట సహజము. ఆ మాటలో సత్యమెంత, దానినిబట్టి మనము చేయదగినదేమి, చేయరానిదేమి యను విషయమును ఇచ్చట విన్నవింపదలచితిమి.

మొదట ఈ మందుల పుట్టుకను కొంచెము తెలిసికొందము. వీనిలో పెద్దదియగు ఆస్పిరిన్‌నకు మూలము విల్లో యను చెట్టు బెరడు. 1763వ సంవత్సరమున ఇంగ్లండులో ఎడ్వర్డు స్టోను అను మతాచార్యుడు ఆ బెరడు పొడి చలిజ్వరమును తగ్గించుచున్నదని లండను రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. 1897లో జర్మనీలోని బేయరు కంపెనీ రసాయనశాలయందు ఆస్పిరిన్ శుద్ధరూపమున తయారయ్యెను. ఐబూప్రొఫెన్ 1969లో ఇంగ్లండున వాడుకలోనికి వచ్చెను. ఆస్పిరిన్ నొప్పిని ఏ విధమున తగ్గించుచున్నదో మాత్రము డెబ్బదియేండ్లకు పైగా తెలియలేదు. 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ రహస్యమును విప్పెను. 1982లో ఆయనకు మఱి యిద్దఱితోపాటు నోబెల్ బహుమాన మొసగబడినది.

ఆ రహస్య మిది. మన దేహమున గాయముగాని, వాపుగాని కలిగినచోట ప్రోస్టాగ్లాండినులు అను ద్రవ్యములు పుట్టును. నొప్పిని హెచ్చించునవియు, జ్వరమును రేపునవియు నివియే. వీనిని తయారుచేయు ఎంజైమునకు కాక్స్ అని పేరు. అందు రెండు తెగలు కలవు. మొదటిది నిత్యము పనిచేయుచు జీర్ణకోశపు లోపొరను కాపాడును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడును. రెండవది చాలచోట్ల నిద్రించుచుండి, వాపు కలిగినప్పుడు మేలుకొనును. నొప్పిమాత్రలు ఈ ఎంజైములను అడ్డగించును. అందుచేతనే నొప్పి తగ్గును. అందుచేతనే కడుపులో పుండును పడును. మేలును కీడును ఒక్క కొమ్మకే కాచిన కాయలు.

ఇక మెదడుకంతి సంగతి. మెదడులో తలపులను నడుపు నాడీకణములే కాక, వానిని అంటిపెట్టుకొని పోషించు గ్లయల్ కణములును కలవు. ఇట్టి కణముల జాతినుండి పుట్టు కంతులలో గ్లయోబ్లాస్టోమా మిక్కిలి క్రూరమైనది. ఇది మఱ్ఱివేళ్లవలె చుట్టునున్న మెదడులోనికి చొచ్చుకొనిపోవును గావున, శస్త్రవైద్యు డెంత నేర్పరియైనను పూర్తిగా పెకలింపజాలడు. 2005లో ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధనలో 573 మంది రోగులను పరీక్షించిరి. కిరణచికిత్స మాత్రమే పొందినవారిలో సగముమంది 12.1 నెలలు దాటి జీవించిరి. దానికి టెమొజొలొమైడ్ అను మందు చేర్చినవారిలో సగముమంది 14.6 నెలలు దాటిరి. రెండున్నర నెలలు! ఆ స్వల్పలాభమే వైద్యలోకమునకు పెద్ద విజయముగ తోచెననిన, ఈ వ్యాధి యెంత కఠినమైనదో ఊహింపవచ్చును.

ఇట్టి కంతులలో పెక్కింటియందు రెండవ తెగ కాక్స్ ఎంజైము అధికముగ నుండుట శాస్త్రజ్ఞులు చూచిరి. దానివలన పుట్టు ప్రోస్టాగ్లాండినులు కంతికి క్రొత్త రక్తనాళములను సమకూర్చును. దేహరక్షకకణములు దానిపై బడకుండ జోకొట్టును. ఆ ఎంజైమును అడ్డగించినచో కంతి నీరసించునేమో యని గాజుపాత్రలలో పెంచిన కంతికణములపై ఈ మందులను ప్రయోగించిరి. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్‌లు రెండును ఆ కణముల వృద్ధిని, ప్రాకుటను తగ్గించెను.

అయితే ఇందొక వింత బయలుపడినది. సెలికాక్సిబ్ అను నొప్పిమందు నిర్మాణమును కొంచెము మార్చి, కాక్స్ ఎంజైమును తాకజాలని రూపమునొకదానిని చేసిరి. అదియు కంతికణములను చంపెను! అనగా ఈ మందులు నొప్పిని తగ్గించు దారి వేఱు, కంతికణములను అణచు దారి వేఱు కావచ్చును. డైక్లోఫెనాక్ విషయమున అట్టి దారి యొకటి కనబడినది. కంతికణములు చక్కెరను విపరీతముగ మ్రింగి, ప్రాణవాయువు చాలినంత యున్నను లాక్టిక్ ఆమ్లమును తయారుచేయుచుండును. పెరుగునకు పులుపునిచ్చు ఆమ్లమే యిది. ఈ చిత్రమును ఒక నూరేండ్ల క్రిందటనే ఆటో వార్‌బర్గ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. ఆ ఆమ్లము చుట్టును వ్యాపించి రక్షకకణములను నిస్తేజములు చేయును. డైక్లోఫెనాక్ ఆ ఆమ్లముయొక్క ఉత్పత్తిని తగ్గించుచున్నట్లు గాజుపాత్రలలోని ప్రయోగములవలన తెలిసినది.

ఇంతవఱకు ఆశాజనకమే. కాని గాజుపాత్రనుండి రోగి శిరస్సువఱకు గల దారిలో మూడు గోడలు కలవు.

మొదటిది మోతాదు. పాత్రలో పోయు మందు తఱచుగ మాత్ర మ్రింగినవారి రక్తములో నుండుదానికంటె ఎన్నియో రెట్లు హెచ్చు. అదిగాక ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లు రక్తములో ప్రవేశించిన పిమ్మట నూటికి 98 పాళ్లకు పైగా రక్తములోని మాంసకృత్తులకు అంటుకొనిపోవును. పనిచేయుటకు మిగులునది ఆవగింజంత. పాత్రలోని మోతాదును దేహమున కందింపబూనినచో, కంతికంటె ముందు మూత్రపిండములును జీర్ణకోశమును చెడును.

రెండవది మెదడు కావలి. 1885లో పౌల్ ఎర్లిక్ అను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తములోనికి రంగు నెక్కింపగా తక్కిన అవయవములన్నియు రంగుదేరెను. మెదడుమాత్రము రంగు పట్టలేదు. మెదడులోని రక్తనాళముల గోడలు అంతఃపుర ద్వారపాలకులవలె అన్యపదార్థములను నిలిపివేయును. కంతియున్నచోట ఈ కావలి కొంత సడలినను, అంచులయందు దాగిన కణములవద్ద గట్టిగనే యుండును.

మూడవది దేహభేదము. ఒక మందు ఒక ప్రాణికి మేలుచేసినంతమాత్రాన మఱియొక ప్రాణికి మేలుచేయునన్న నియమము లేదు. ఇందుకు మనదేశమే సాక్షి. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచి, వాని జాతిని ఇంచుమించుగ తుడిచిపెట్టెను. ఈ కారణము 2004లో బయటపడగా, 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. పశువునకు ఉపశమనము, పక్షికి మృత్యువు! అట్లే పాత్రలోని కణమునకును, నానావ్యాధులతో క్రుంగిన మనుష్యునకును భేదము మిక్కుటము.

కనుకనే మనుష్యులపై క్రమముగ పరీక్షింపక యే మందును నమ్మరాదు. సెలికాక్సిబ్‌ను మెదడుకంతి రోగులకు ఇతర చికిత్సలతో చేర్చి యిచ్చి చూచిరి. కాని ప్రామాణిక చికిత్సలో ఈ నొప్పిమందులలో వేనికిని స్థానము లభింపలేదు. ఇట్టి ప్రయత్నములన్నియు వ్యర్థములని తలంపరాదు. లించ్ సిండ్రోము అను వంశపారంపర్య లక్షణము గలవారికి ప్రేవులలో క్యాన్సరు వచ్చు భయ మెక్కువ. అట్టివారు 861 మందిని పరీక్షించి, దినమునకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను దీర్ఘకాలము తీసికొనినచో ఆ భయము తగ్గునని 2011లో ప్రకటించిరి. అది ఒక వ్యాధికి, ఒక తెగవారికి, వైద్యుల కనుసన్నలలో తేలిన సత్యము. దానిని మెదడుకంతికి అన్వయించుట తగదు.

ఇప్పుడు గృహిణులు ముఖ్యముగ గమనింపవలసిన విషయములు చెప్పెదము. మెదడుకంతికి చికిత్స పొందువారికి తఱచు మెదడువాపు తగ్గుటకై డెక్సామెథాసోన్ ఇత్తురు. దానితోపాటు నొప్పిమాత్రలు చేరినచో కడుపులో పుండుపడి రక్తము పోవు ప్రమాదము హెచ్చును. టెమొజొలొమైడ్ రక్తమును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లను తగ్గింపవచ్చును. ఆస్పిరిన్‌వంటివి ఆ మిగిలినవాని పనినిగూడ చెఱచును. అప్పుడు మెదడులోనే రక్తస్రావము కావచ్చును. రోగిమీది ప్రేమచే రహస్యముగ ఇచ్చిన మాత్రయే ప్రాణాంతకము కాగలదు. ఇచ్చుచున్న మాత్రలన్నిటి పేర్లను వైద్యునికి దాపరికము లేక చెప్పవలెను. మీ సందేహమును ఆయననే అడుగవలెను. అడుగుట అవమానము కాదు.

తలనొప్పి వచ్చినంతనే మెదడుకంతియని బెదరవలదు. తలనొప్పులలో అత్యధికము వేఱు కారణములవలననే వచ్చును. కాని ఉదయము లేవగనే హెచ్చుగ నుండి వాంతులతో కూడిన తలనొప్పి, వయస్సువచ్చినవారికి క్రొత్తగ వచ్చిన మూర్ఛ, ఒక కాలుసేతుల బలహీనత, మాట తడబాటు, చూపు మందగించుట కనబడినప్పుడు మాత్రలతో కాలము గడపరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. నెలకు పదునైదు దినములు, అంతకు మించి నెలల తరబడి నొప్పిమాత్రలు మ్రింగుటవలననే తలనొప్పి స్థిరపడుటయు కలదు. మన యిండ్లలో స్త్రీలు తమ నొప్పిని ఎవ్వరికిని చెప్పక, మాత్రతో మ్రింగి పనులలో మునుగుట పరిపాటియైనది. ఈ యలవాటును మానవలెనని మా ప్రార్థన.

పాలకడలిని చిలుకగా మొదట వెలువడినది హాలాహలము. అమృతము పుట్టుటకు ఎంతయో ఓపిక కావలసివచ్చెను. శాస్త్రజ్ఞులు చిలుకుచునే యున్నారు. వెలువడినది అమృతమో విషమో తేలకమున్నే మన యింటివారి నోట పోయకుండుట గృహలక్ష్ములమగు మన ధర్మము.