చేప కడుపులో చేప ఎలా మిగిలింది?

అమెరికాలోని కాన్సస్ ఇప్పుడు గోధుమ పొలాల నేల. 8 కోట్ల ఏళ్ల కిందట అక్కడంతా సముద్రమే! అందులో జిఫాక్టినస్ అనే రాకాసి చేప వేటాడేది. పైకి తిరిగిన దవడ, పొడుచుకొచ్చిన కోరపళ్లు దాని గుర్తులు.

1952లో అక్కడ వెలికితీసిన ఒక శిలాజంలో దాని పొడవు 4 మీటర్ల పైమాటే. వింతేమిటంటే, దాని పొట్టలో దాదాపు 1.8 మీటర్ల గిల్లికస్ చేప ముల్లు చెదరకుండా ఉంది. మరి అరగలేదెందుకు? మింగిన కాసేపటికే మింగిందీ చచ్చిపోయింది. లోపల గిలగిలా కొట్టుకున్న చేప ఏ అవయవాన్నో చీల్చి ఉంటుందని నిపుణుల అంచనా. అత్యాశకు పోతే అంతే మరి!

కళేబరం అడుగుకు చేరాక మెత్తటి సుద్ద బురద కప్పేసింది. ఆ సుద్ద కంటికి కనిపించని నాచుజీవుల పెంకుల పొడే. ఆ బురద కప్పేయడం వల్లే ఎముకలు చెల్లాచెదురు కాలేదు. కాన్సస్‌లోనే ఉన్న హేస్ పట్టణంలోని స్టెర్న్‌బర్గ్ మ్యూజియంలో ఈ జంటను చూడొచ్చు.