ఉప్పు నేల నుండి కొండ మడుగునకు

నెల్లూరు తీరమున ఎడారి లేదు. అయినను నడివేసవిలో పులికాటు సరస్సు ఉత్తరపు ఒడ్డున నిలిచి చూచినవారికి ఎడారి ఎట్లుండునో కొంత తెలియును. స్థానికులు ప్రళయ కావేరి అని పిలుచు ఈ ఉప్పునీటి సరస్సు మిక్కిలి లోతులేనిది. నీరు ఇగిరిపోయినచోట నేలపై ఉప్పు పొర తెల్లగా మెరయుచుండును. అందు చెట్టు నీడ లేదు, త్రాగుటకు చుక్క నీరు లేదు. పడమట మాత్రము నాగలాపురం కొండలు కలవు. ఆ కొండల నడుమ ఉన్నదే ఉబ్బలమడుగు. సరస్సు ఒడ్డుననున్న తడ నుండి అచ్చటికి ఇరవై కిలోమీటర్లకు పైబడిన దూరము. సరిగా ఒక పగటి నడక. 2022లో తిరుపతి జిల్లాలో చేరువరకు తడ నెల్లూరు జిల్లాలోనిదే.

ఇంతకంటె ఎంతో పెద్ద నడక అమెరికా పశ్చిమ భాగమున కలదు. మెక్సికో సరిహద్దు నుండి కెనడా సరిహద్దు వరకు సాగు ఆ కాలిబాట పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. బాటసారులు మొహావీ ఎడారి అంచులు దాటి సియెర్రా నెవాడా పర్వతములలో ప్రవేశింతురు. ఎడారిలో వారికి దాహమే భయము. కొండలలో నీరు కనబడగానే ఆ భయము తీరును. కాని అచ్చట మంచు కరగి పొంగు వాగులను దాటుటలోనే అపాయము పొంచియుండును. మన చిన్న దారికిని ఈ సూత్రమే వర్తించును. నీరు లేనిచోట ఒక విధమైన జాగ్రత్త, నీరు ఉన్నచోట మరియొక విధమైన జాగ్రత్త అవసరము.

మేము ఈ దారిని జనవరి మాసములో నడచితిమి. అప్పటికి ఈశాన్య ఋతుపవనము వెనుదిరిగియుండును. సరస్సులో నీరు నిలిచి, ఫ్లెమింగోలు మేయుచుండును. తెల్లవారుజామున ఐదు గంటలకు తడలో బయలుదేరితిమి. అంత తొందర ఎందుకని కొందరు అడిగిరి. శరీరము చెమట ఆరుటవలన చల్లబడును. తీరపు గాలిలో తేమ అధికమగుటచే చెమట కారును గాని త్వరగా ఆరదు. అందుచేత ఎండ అంత తీవ్రముగా తోచకున్నను ఒడలు వేడెక్కును, నీరును ఉప్పును నష్టపోవును. మంచినీళ్లతోపాటు ఉప్పు వేసిన మజ్జిగయో గంజియో తీసికొనిపోవుట మన పెద్దలు ఎరిగిన ఉపాయమే. దాహము వేయువరకు ఆగక, కొంచెము కొంచెముగా త్రాగవలెను. ఎండిన సరస్సు అడుగున నడువబూనుట మాత్రము తగదు. పైపొర గట్టిగా కనిపించినను, దాని క్రింద మెత్తని బురద ఉండి కాలు దిగబడును.

తడ నుండి శ్రీకాళహస్తి పోవు రోడ్డున వరదయ్యపాళెము వరకు నడక సులభము. పొలములు, చెరువులు, 2008లో నెలకొన్న శ్రీసిటీ పారిశ్రామిక వాడ ఈ ప్రాంతముననే కలవు. అయితే పొద్దెక్కిన కొలది తారురోడ్డు వేడి అరికాళ్లకు తెలియును. ఈ భాగమును ఎండ ముదరకముందే దాటుట మేలు.

అడవిలో ప్రవేశింపగానే ప్రాణము లేచివచ్చినట్లుండును. ఎత్తు పెరుగుటచే చల్లదనము వచ్చెనని పలువురు తలంతురు. అది కొంతవరకే నిజము. వేయి మీటర్ల ఎత్తునకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. మూడు వందల మీటర్లెక్కినను తగ్గునది రెండు డిగ్రీలే. మిగిలిన చల్లదనమంతయు చెట్ల నీడది, పారునట్టి నీటిది. శివరాత్రికి భక్తులు చేరు సిద్ధులయ్య కోన ఇదియే. ఇచ్చటి మడుగులలో నీరు తేటగా ఉండి, అడుగు దగ్గరగా కనిపించును.

అపాయము అచ్చటనే కలదు. తేటనీరు లోతును తక్కువ చేసి చూపును. నాచు పట్టిన నున్నని బండపై కాలు నిలువదు. ఈ మడుగులలో యువకులు పలువురు ప్రాణములు కోల్పోయినారు. వానకాలమున మరియొక ముప్పు కలదు. ఈ కొండల రాయి మిక్కిలి గట్టిది. వాన నీటిని అది వేగముగా పీల్చుకొనజాలదు. పైన కురిసిన వాన బండలమీదుగా జారి, ఇరుకు కోనలో ఒక్కసారిగా చేరును. కోనలో ఉన్నవారికి తలపై ఆకాశము నిర్మలముగానే ఉండవచ్చును. తేటనీరు ఎర్రబారినను, ఆకులును పుల్లలును కొట్టుకొని వచ్చినను, ఎగువ హోరు వినిపించినను, సామాను విడిచియైనను తక్షణమే గట్టెక్కవలెను.

అందుచేత మేము ముందుగనే ఒక నియమము పెట్టుకొంటిమి. ఎచ్చటనున్నను రెండు గంటలకు వెనుదిరుగవలెను. ఆ వేళకు ప్రధాన జలపాతము ఇంకను ముందున్నది. మాలో చిన్నవారు మరి అరగంట చాలునని బ్రతిమాలిరి. అయినను తిరిగితిమి. వెలుగుండగనే అడవి దాటితిమి. జలపాతమును చూడలేదను కొరత ఉన్నమాట నిజమే గాని, దానిని మరియొక పర్యాయము తీర్చుకొనవచ్చును.

అటవీశాఖవారు అనుమతించిన దినములలో, అనుమతించిన మేరకే ఈ కోనలోనికి పోవలెను. ఒంటరిగా పోరాదు. పోవు దారిని, తిరిగివచ్చు వేళను ఇంటివారికి చెప్పి బయలుదేరవలెను. బంగాళాఖాతమున అల్పపీడనమున్నట్లు రేడియోలో వాతావరణ సూచన విన్ననాడు ప్రయాణము మానుకొనుటయే మంచిది. కొండ అచ్చటనే ఉండును. పోయినవారు క్షేమముగా ఇల్లు చేరుట ముఖ్యము.