డ్రాప్‌డౌన్ మెనూ - అన్ని బ్రౌజర్లలో ఒకే తీరు

ఒకే గ్రంథాన్ని పలువురు పఠించినప్పుడు ఉచ్చారణ భేదించవచ్చును గాని అర్థం భేదించరాదు. వెబ్‌సైటు విషయమూ అంతే. శీర్షికపై మౌసు నిలిపినంతనే క్రిందికి తెరచుకొనే మెనూ ఒక బ్రౌజరులో తెరచుకొని మరొకదానిలో తెరచుకొనకపోతే, కొందరు పాఠకులకు లోపలి పుటల ద్వారమే మూతపడుతుంది.

దీనికి కారణమేమి? 2001లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6, ‘హోవర్’ నియమాన్ని లింకులకు మాత్రమే వర్తింపజేసింది. మెనూకు అది జాబితాలోని అంశాలకు వర్తించడం అవసరం. 2003లో ప్యాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ ‘సకర్‌ఫిష్’ పద్ధతిని ప్రకటించి, కొద్ది పంక్తుల జావాస్క్రిప్టుతో ఆ కొరతను తీర్చారు. మౌసు వచ్చినప్పుడు అంశానికి ఒక క్లాసు పేరును చేర్చడం, తొలగినప్పుడు తీసివేయడం - ఇదే అందలి కిటుకు. 2006లో వచ్చిన ఏడవ కూర్పు ఈ లోపాన్ని సవరించుకొంది.

అంతటితో సమస్య తీరలేదు. మూసిన మెనూను ‘డిస్‌ప్లే నన్’ నియమంతో దాచితే, అంధులకు తెరను చదివి వినిపించే సాధనాలకు అది అందదు. అందుచేత దానిని తెరకు ఎడమగా దూరంగా నెట్టే పద్ధతి వచ్చింది. కాని కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ పుటలో అదే పని చేస్తే అనవసరంగా అడ్డపు స్క్రోల్ పట్టీ ఏర్పడుతుంది. ఇక చేతిఫోనుకు మౌసే లేదు.

కావున మేము విద్యార్థులకు సూచించేది ఇది: మెనూను ముందుగా సాధారణ లింకుల జాబితాగా వ్రాయండి, శీర్షికను బటనుగా చేసి, వ్రేలితో నొక్కినా, కీబోర్డుతో నొక్కినా తెరచుకొనేటట్లు చూడండి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలోను, చేతిఫోనులోను పరీక్షించండి. రూపం కొంత మారినా మారవచ్చును. ద్వారం మాత్రం ఎవరికీ మూతపడరాదు.