కొండ మీద మంచు, అడవిలో నిప్పు, మన షెడ్డులో పురుగు: ఎండాకాలం అంచనా ఎలా చదవాలి



శివరాత్రికి చలి శివ శివా అని పోతుందంటారు. చలి పోగానే మన ఫోన్లలో మెసేజీలు మొదలవుతాయి. "హిమాలయాల్లో మంచు పడలేదంట, ఈ ఏడు వానలుండవు." "ఈ తూరి ఎండలు యాభై డిగ్రీలంట." "అడవులన్నీ అంటుకుంటాయంట." కొన్నేండ్ల కింద ఇట్లాంటి మెసేజీ చూసి మా ఊళ్ళో ఇద్దరు రైతులు చాకీ బుకింగు రద్దు చేసుకున్నారు. ఆకు తోటలోనే ముదిరిపోయింది, ఒక పంట ఊరకే పోయింది. ఇంకొకాయన ఏ మాటా పట్టించుకోకుండా ఏప్రిల్‌లో బైవోల్టిన్ 200 గుడ్లు పెట్టినాడు. ఐదో దశలో సగం పురుగు సప్పె రోగానికి పోయింది. ఆ ఇంకొకాయన నేనే.

భయపడినవాళ్ళూ నష్టపోయినారు, భయపడని నేనూ నష్టపోయినాను. అప్పటినుంచి అంచనాను సరిగ్గా చదవడం నేర్చుకుంటున్నాను. తెలిసినంత మీతో పంచుకుంటాను.

*అంచనా అంటే ఏమి*

భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి ఆఖరున మార్చి, ఏప్రిల్, మే నెలల అంచనా ఇస్తుంది. మార్చి ఆఖరున మళ్ళీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇంకోటి ఇస్తుంది. అందులో "మామూలు కంటే ఎక్కువ ఎండలు ఉండే అవకాశం ఉంది" అని ఉంటుంది. ఇది మూడు నెలల సగటు మీద చెప్పే మాట. అదీ అవకాశమే కానీ ఖాయం కాదు. ఈ నెల గూళ్ళ మార్కెట్టు బాగుంటుంది అంటే, రేపు మీ లాటుకు ఎంత పలుకుతుందో చెప్పినట్టు కాదు కదా. ఇదీ అంతే.

2025 సంగతి చూడండి. ఆ ఫిబ్రవరి ఆఖరున దేశంలో చాలాచోట్ల ఎండలు, వడగాలి రోజులు మామూలు కంటే ఎక్కువుంటాయని చెప్పినారు. తీరా మే నెలలో 1901 నుంచి ఎన్నడూ లేనంత వాన పడింది. మే 24కే రుతుపవనాలు కేరళను తాకినాయి. అంచనా అబద్ధమని కాదు. మూడు నెలల మాటను పట్టుకుని ఒక పంట ఆపుకోకూడదు, అంతే.

*మంచు సంగతి*

చలికాలంలో మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే గాలి తెరలు హిమాలయాల మీద మంచు కురిపిస్తాయి. వాటిని పశ్చిమ అవాంతరాలు అంటారు. ఎండాకాలంలో ఆ మంచు కరిగి సింధు, గంగ, బ్రహ్మపుత్ర నదుల్లోకి వస్తుంది. అక్కడి రైతుకు అది ప్రాణం. కాశ్మీరంలో పట్టు పురుగు పెట్టేవాళ్ళు కూడా మంచు కరిగి మల్బరీ చిగురు వేసిన తర్వాతే వసంత పంటకు దిగుతారు.

మన కథ వేరు. కావేరి, పాలారు, పెన్న ఇవన్నీ వాన నీళ్ళ నదులు. హిమాలయం మంచు చుక్క కూడా మన చెరువులోకి రాదు, మన బోరులోకి రాదు. కోలారు, చింతామణి, హోసూరు రైతు నీళ్ళ లెక్క చూడాల్సింది పోయిన ఏడు పడిన వానలో.

మరి మంచుకూ రుతుపవనాలకూ సంబంధమే లేదా అంటే, ఉంది. 1875లో పెట్టిన మన వాతావరణ శాఖకు మొదటి పెద్దాఫీసరు హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఆయన 1884లోనే ఈ మాట రాసినాడు. హిమాలయాల్లో మంచు ఎక్కువగా, ఎక్కువ కాలం ఉంటే ఆ ఏడు వానలు తగ్గే అవకాశం ఉందన్నాడు. ఎందుకంటే మంచు ఉన్న నేల వేడెక్కదు, నేల వేడెక్కకపోతే సముద్రం గాలిని గట్టిగా లాక్కోదు. అంటే మెసేజీలో వచ్చే మాటకు ఇది తలకిందులు! "మంచు తక్కువ, కాబట్టి వాన తక్కువ" అనడానికి ఆధారం లేదు.

2025లోనే చూడండి. ఖాట్మండులో ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ ఉంది. హిమాలయాల్లో మంచు నిలిచి ఉండడం ఆ ఏడు మామూలు కంటే 23.6 శాతం తగ్గిందని, 23 ఏండ్లలో అదే తక్కువని వాళ్ళు చెప్పినారు. అదే ఏడు దేశంలో రుతుపవనాల వాన మామూలులో 108 శాతం పడింది. అట్లని మంచు తక్కువైతే ప్రతిసారీ మంచి వాన అని కూడా అనుకోకండి. పసిఫిక్ సముద్రంలో ఎల్ నినో వస్తే లెక్క మారిపోతుంది. 2023లో అదే జరిగింది. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరవు తాలూకాలని ప్రకటించినారు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎట్లా ఎండిపోయినాయో మనకు గుర్తే.

*నిప్పు సంగతి*

దూరాన ఉన్న మంచు కంటే పక్కనున్న ఎండుగడ్డిని చూసి భయపడాలి. వానాకాలంలో బాగా పెరిగిన గడ్డి, లంటానా పొదలు సంక్రాంతి తర్వాత ఎండుతాయి. ఫిబ్రవరి నుంచి మామిడి జల్లులు పడేదాకా పొడి గాలి, ఎండుటాకు, ఒక్క నిప్పురవ్వ చాలు. వాన బాగా పడిన ఏడు గడ్డి ఎక్కువ, కాబట్టి నిప్పుకు మేత కూడా ఎక్కువ. "పోయిన ఏడు వానలు బాగున్నాయి, ఈ ఏడు మంటల భయం లేదు" అనుకోవద్దు.

2019 ఫిబ్రవరిలో బందీపూర్ అడవి వేల ఎకరాలు కాలింది. అదే వారంలో బెంగళూరు యెలహంకలో విమానాల ప్రదర్శన దగ్గర పార్కింగులో ఎండుగడ్డి అంటుకుని సుమారు 300 కార్లు కాలిపోయినాయి. అక్కడ అడవి లేదు, కొండ లేదు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయినారు. 2021లో ఒడిశాలో సిమిలిపాల్ అడవి రోజుల తరబడి మండింది. ఒడిశాలో దసలి పట్టు పెట్టే మనవాళ్ళకు అడవి చెట్టే మల్బరీ తోట. మద్ది చెట్టు కాలితే వానాకాలం పంటకు మేత ఉండదు.

మన షెడ్డులో ఏముంటుందో ఒకసారి చూడండి. వెదురు చంద్రికలు, ప్లాస్టిక్ చంద్రికలు, షేడ్ నెట్టు, పక్కనే ఎండిన కొమ్మల కుప్ప. రేకుల వేడి తగ్గాలని పైన కొబ్బరి మట్టలు కప్పుతాం. చల్లదనం నిజమే, కానీ పక్క చేను గట్టు కాల్చినప్పుడు ఒక రవ్వ ఎగిరి పడితే ఆ మట్టలే షెడ్డును తీసుకుపోతాయి. చుట్టుపక్కల కాల్చే అలవాటు ఉన్నచోట మట్టలు వద్దు. రేకులకు తెల్ల సున్నం కొట్టండి, వీలైతే పైన స్ప్రింక్లరు పెట్టండి.

షెడ్డు చుట్టూ పది అడుగులు గడ్డి లేకుండా చెక్కించండి. కొమ్మల కుప్ప, ఎరువు దిబ్బ దూరంగా పెట్టండి. రోగం వచ్చిన పురుగులను ఎండపూట బయట కాల్చొద్దు. గుంత తీసి సున్నం, బ్లీచింగు వేసి పూడ్చండి. తెల్లవారుజాము చలికి బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు బూడిదలో నీళ్ళు పోసి చల్లారిందని చేత్తో చూసిన తర్వాతే పారబోయండి. కుంపటి ఉన్నంతసేపూ గాలి ఆడేలా కిటికీ కొంచెం తెరిచి ఉంచండి.

మంట దూరాన ఉన్నా పొగ మనదాకా వస్తుంది. పురుగు పొగకు తట్టుకోలేదు. పొగ వచ్చే వైపు కిటికీలు మూసి, అవతలి వైపు తెరవండి. బూడిద పడిన ఆకు చాకీ పురుగులకు అసలే వేయొద్దు. తోటకు నీళ్ళు చిమ్మి కడిగి, తడి ఆరిన తర్వాత పెద్ద పురుగులకు వేయొచ్చు.

అడవి పక్కన ఉన్నవాళ్ళకు ఇంకొక సాయం ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహంలో మంట కనబడగానే ఫోన్‌కు మెసేజీ పంపుతుంది. నంబరు నమోదు చేసుకుంటే చాలు. మంట కనబడితే 101 గానీ 112 గానీ కొట్టండి.

*ఎండ సంగతి*

మనం మోసపోయేది ఇక్కడే. మైదాన ప్రాంతంలో ఎండ 40 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుంటే వడగాలి అంటారు. అది మనుషుల కోసం పెట్టిన లెక్క. 2024 ఏప్రిల్ 28న బెంగళూరులో 38.5 డిగ్రీలు వచ్చింది, 40 దాటలేదు. కానీ ఐదో దశ పురుగుకు కావాల్సింది 24, 25 డిగ్రీలు, తేమ 65 నుంచి 70 శాతం. వడగాలి హెచ్చరిక రాలేదు అంటే పురుగుకు క్షేమం అని కాదు. షెడ్డులో గోడకు వేలాడే థర్మామీటరే మీ హెచ్చరిక.

అందుకే నేనిప్పుడు ఇట్లా చేస్తున్నాను.

1. మూడు నెలల అంచనాతో రకం ఎంచుకుంటాను. ఎండలు ఎక్కువని చెబితే ఏప్రిల్, మే పంటకు బైవోల్టిన్ మానేసి క్రాస్ బ్రీడ్ పెడతాను, గుడ్లు కూడా తగ్గిస్తాను. పంట మాత్రం ఆపను.

2. రెండు వారాల అంచనాతో తేదీ ఎంచుకుంటాను. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే వారాల అంచనా ఇస్తుంది. రెండో జ్వరం లేచిన చాకీ మన ఇంటికి వచ్చిన సుమారు పదో రోజుకు ఐదో దశ మొదలవుతుంది. ఆ వారం ఎట్లా ఉందో చూసి చాకీ తేదీ ముందుకో వెనక్కో జరుపుతాను.

3. మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా వ్యవసాయ సలహాతో రోజు పని చూసుకుంటాను. మేఘదూత్ యాప్‌లో అది తెలుగులోనూ ఉంటుంది. వడగళ్ళు, ఉరుములు అని ఉంటే ముందురోజే ఆకు కోసి తడి గోనెల్లో పెడతాను. పిడుగులకు దామిని యాప్ ఉంది.

4. ఆకు తెల్లవారుజామునే కోస్తాను. మధ్యాహ్నం కిటికీలకు తడి గోనెలు కడతాను, గాలి మాత్రం ఆడనిస్తాను. గాలి లేని తేమ ఎండకంటే చెడ్డది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. దూరం మాట దూరం పనికి, దగ్గర మాట దగ్గర పనికి. మూడు నెలల అంచనా చూసి రేపటి మేత ఆపకండి. రేపటి ఎండ చూసి సంవత్సరం పంట మానకండి.

ఆ ఏప్రిల్‌లో నేను పారేసిన పురుగు మా చిన్నోడి హాస్టలు ఫీజు. ఆ లెక్క నాకింకా గుర్తుంది. మీకు అట్లాంటి లెక్క రాకూడదని ఇదంతా రాసినాను.

ఇకమీదట మంచు గురించో మంట గురించో మెసేజీ వస్తే పంపించే ముందు ఎవరు చెప్పినారు, ఏ తేదీది, ఏ ఊరికి అని మూడు ప్రశ్నలు అడగండి. మీ షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలకు ఎన్ని డిగ్రీలుందో గ్రూపులో పెట్టండి అన్నలారా, అక్కలారా. పది ఊళ్ళ లెక్క ఒకచోట చేరితే మనకది అన్నిటికంటే మంచి అంచనా.